నలుగురమే చేస్తున్నాం, మిగతావాళ్ళు గ్రూపులో విమర్శిస్తున్నారు. అసోసియేషన్ సెక్రటరీగా రాజీనామా చేసేయాలా?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. 90 ఇళ్ళ సముదాయం. ఎనిమిది నెలల క్రితం మీటింగ్‌లో "మీరైతే బాగుంటుందండీ" అని అందరూ కలిసి మిమ్మల్ని సెక్రటరీని చేశారు. అప్పటినుంచి మీతో కలిపి నలుగురే పని చేస్తున్నారు. "ఎవరైనా ముందుకు రండి" అని గ్రూపులో ఎన్నిసార్లు పెట్టినా బొటనవేలి బొమ్మలు వచ్చాయి గానీ మనుషులు రాలేదు. లిఫ్ట్ ఆగితే మాత్రం అందరికీ మీరే గుర్తొస్తున్నారు. రాజీనామా లేఖ రాసి పెట్టుకున్నారు. పంపాలా? పంపకపోతే వీళ్ళను కదిలించేది ఎలా?

సూటిగా చెప్తాను. లేఖ ఇప్పుడే పంపకండి. కానీ ఇప్పుడు చేస్తున్నట్టుగా ఇంకొక్క నెల కూడా చేయకండి. "ఎవరైనా రండి" అని అడగడం ఈరోజుతో ఆపేయండి. ఒక మనిషి ఇంటికి వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, ఒక చిన్న పని, అది ఎప్పటితో అయిపోతుందో చెప్పి అడగండి. పనులన్నీ తానే చేయడం సెక్రటరీ పని కాదు. ఒక మనిషి మోయగలిగినంత ముక్కలుగా కోసి చేతికివ్వడం సెక్రటరీ పని. ఇది నాకు అర్థం కావడానికి నాలుగేళ్ళు పట్టింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను 120 ఇళ్ళ అసోసియేషన్‌లో 11 ఏళ్ళు ఉన్నాను. రెండేళ్ళు ట్రెజరర్, ఆరేళ్ళు సెక్రటరీ, ఒక మూడేళ్ళు ప్రెసిడెంట్. ఇప్పుడు ఏ పదవీ లేదు. నీళ్ళ ట్యాంకులు కడిగించే రోజు దగ్గరుండి చూసుకోవడం మాత్రం ఇంకా నాదే, అది నాకిష్టం కాబట్టి.

ముందు నా ఘనకార్యం చెప్పాలి. మొదట్లో నేనూ మీలాగే, ఇంకా చెప్పాలంటే మీకంటే ఘోరంగా చేశాను. మెట్ల మీద బల్బు పోయినా నేనే, డ్రైనేజీ నిండినా నేనే. పైకి విసుక్కునేవాణ్ణి గానీ లోపల్లోపల కాస్త గర్వం ఉండేది, నేను లేకపోతే ఇది నడవదని. నాలుగో ఏడు మా అమ్మకు ఆపరేషన్ అయి మూడు వారాలు వేరే ఊళ్ళో ఉండాల్సి వచ్చింది. రెండో వారంలో నీళ్ళ మోటారు కాలిపోయింది. రిపేరు చేసే మనిషి నంబరు నా ఫోన్లో ఉంది. వారంటీ కాగితం మా ఇంటి బీరువాలో ఉంది. ఏ వాల్వ్ తిప్పితే రెండో ట్యాంకుకు నీళ్ళెక్కుతాయో నాకూ వాచ్‌మన్‌కూ తప్ప తెలియదు, వాచ్‌మన్ సెలవులో ఉన్నాడు. ఆసుపత్రి వరండాలో నిలబడి వీడియో కాల్‌లో "ఎడమవైపు ఎర్ర చక్రం... అది కాదండీ, దాని కిందది" అని చెప్తూ ఉన్నాను.

తిరిగొచ్చాక ఎవరో ఒకరు "మీరు లేకపోతే తెలిసింది, ఇన్నాళ్ళూ ఎంత చేశారో" అంటారనుకున్నాను. లిఫ్ట్‌లో ఎదురుపడ్డ ఒకాయన "ఏంటండీ, బాధ్యత లేకుండా ఊరెళ్ళిపోతే ఎలా" అన్నాడు. రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆయన అన్న తీరు నాకిప్పటికీ నచ్చదు. కానీ మూడో రోజుకి ఒప్పుకోక తప్పలేదు, 120 ఇళ్ళ నీళ్ళను ఒక మనిషి తలకాయలో దాచిపెట్టింది నేనే. నేను సేవ అనుకున్నది ఇంకోవైపు నుంచి చూస్తే మిగతావాళ్ళెవరికీ చోటు లేకుండా చేయడం.

ఇక "ఎవరైనా" అన్న మాట ఎందుకు పనిచేయదో చెప్తాను. 1968లో జాన్ డార్లీ, బిబ్ లాటానే అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. మనిషి ఒక గదిలో ఒంటరిగా కూర్చుని ఉంటాడు. పక్క గదిలో ఉన్న వ్యక్తికి మూర్ఛ వస్తున్నట్టు ఇంటర్‌కమ్‌లో వినిపిస్తుంది. ఆ గొంతు వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్ళలో, ఆ గొంతు ఆగిపోయేలోపే నూటికి 85 మంది లేచి సాయానికి వెళ్ళారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారని అనుకున్నవాళ్ళలో 31 మందే లేచారు. లేవనివాళ్ళు దుర్మార్గులేం కాదు, ఎవరో ఒకరు వెళ్ళే ఉంటారనుకున్నారు. ప్రాణం మీదికొచ్చిన సంగతికే ఇలా ఉంటే మెట్ల మీద బల్బు సంగతి వేరే చెప్పాలా? మీ గ్రూపులో మీ మెసేజ్ చదివిన ప్రతివాళ్ళకూ తమతోపాటు ఇంకో వందమంది చదివారని తెలుసు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, గ్రూపులో అడగడం అసలు అడగడం కిందికే రాదు.

అడిగే పద్ధతి. ఎదురుగా వెళ్ళి అడగండి, మెసేజ్‌లో కాదు. "కమిటీలోకి వస్తారా" అనకండి. పదవి పేరు వినగానే మనుషులు వెనక్కి జరుగుతారు. నేను అడిగే మాటలు దాదాపు ఇలా ఉంటాయి: "మీరు రోజూ రాత్రి భోజనం అయ్యాక నడుస్తారు కదా. నెలకు రెండుసార్లు ఆ నడకలోనే బయటి లైట్లు చూసి, వెలగనివి ఎక్కడున్నాయో నాకు చెప్పగలరా? మూడు నెలలే. ఎలక్ట్రీషియన్‌ను పిలవడం, డబ్బులివ్వడం మీ పని కాదు. కుదరని వారం వస్తే ఒక్క మాట చెప్పండి చాలు." ఎంత పని, ఎన్నాళ్ళు, ఏది వాళ్ళ నెత్తిన పడదు, ఇవన్నీ అందులోనే ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం ఆ మూడు నెలలు అన్న మాట. చాలామందికి పనంటే భయం లేదు, ఒకసారి తగులుకుంటే జీవితాంతం వదలదేమోనని భయం. మీకు జరిగింది వాళ్ళు కళ్ళారా చూస్తున్నారు కూడా.

గడువు అయిపోయిన రోజున మీరే వెళ్ళి "మూడు నెలలు అయ్యాయి, మీ పని పూర్తయింది" అని చెప్పాలి. ఇది చాలామంది చేయరు. నేను చెప్పినప్పుడు సగం మంది "పర్లేదు, ఇంకో మూడు నెలలు చూస్తాను" అన్నారు. మిగతా సగం హాయిగా దిగిపోయారు, కానీ వాళ్ళే ఏడాది తర్వాత ఇంకో పనికి పిలిస్తే వచ్చారు. మాట మీద నిలబడ్డామని తెలిస్తే మళ్ళీ తలుపు తెరుస్తారు.

ఒక జాగ్రత్త. మొహమాటపెట్టి ఒప్పించకండి. అలా ఒప్పించిన పని రెండో వారంలో ఆగిపోతుంది, మూడో వారం నుంచి ఆ మనిషి మిమ్మల్ని చూసి లిఫ్ట్ వదిలేసి మెట్లెక్కుతాడు. నాకిలా ఒక మంచి స్నేహితుడు ఏడాదిపాటు దూరమయ్యాడు. కాదనడానికి దారి వదిలి అడిగితేనే అది అడగడం.

ఇంకొకటి, ఇచ్చిన పని మీలాగే చేయాలని చూడకండి. నోటీసు బోర్డు ఒక కాలేజీ అమ్మాయికి అప్పజెప్పాం. నాలుగు రంగుల పెన్నులతో, పక్కన చిన్న బొమ్మలతో రాసింది. ఒక పెద్దాయన "ఇది అసోసియేషనా, చిన్నపిల్లల బడా" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నా మనసులోనూ అదే ఉంది. నోరు మూసుకుని ఊరుకున్నాను. నీళ్ళు రాని రోజు ఏదో ముందుగానే జనానికి తెలియడం అప్పుడే మొదలైంది, ఎందుకంటే ఆగి చదివారు. పెద్దాయన మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు.

కమిటీలు పెంచకండి. జనం ఉత్సాహంగా ఉన్నారని ఒకసారి మొక్కల కోసం 12 మందితో కమిటీ వేశాం. మొదటి వారం ఫొటోలే ఫొటోలు. ఎండాకాలానికి మొక్కలన్నీ ఎండిపోయాయి. ప్రతివాళ్ళూ ఇంకొకళ్ళు నీళ్ళు పోశారనుకున్నారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని మనవాళ్ళు ఊరికే అనలేదు. మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషులతో తాడు లాగించి కొలిచాడు, 1913లో ఆ లెక్కలు ప్రచురించాడు. ఎనిమిది మంది కలిసి లాగేటప్పుడు ఒక్కొక్కరూ పెట్టే బలం, ఒంటరిగా లాగేటప్పటి దాంట్లో సుమారు సగానికి పడిపోయింది. మరుసటి ఏడు మేం 12 మందికీ తలా మూడు కుండీలు, ఒక్కో కుండీ మీద ఇంటి నంబరు రాసి ఇచ్చాం. రెండు కుండీలు ఎండిపోయాయి. ఎవరివో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఏమీ అనాల్సిన అవసరం రాలేదు, ఆ ఇంటావిడే కొత్త మొక్క తెచ్చిపెట్టింది.

ఎవరిని అడగాలి? ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. మనం బాగా మాట్లాడేవాళ్ళను, మీటింగ్‌లో లేచి నిలబడేవాళ్ళను అడుగుతాం. నేను మూడు రకాల వాళ్ళను వెతుకుతాను.

మొదటి రకం, దారిలో ఉండేవాళ్ళు. 1950లో లియోన్ ఫెస్టింగర్, మరో ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థి కుటుంబాల నివాస భవనాల్లో ఎవరికెవరు స్నేహితులయ్యారో లెక్కగట్టి ప్రచురించారు. స్వభావాల కంటే తలుపుల మధ్య దూరమే ఎక్కువ తేల్చింది. పక్క తలుపువాళ్ళతో స్నేహం ఎక్కువ, అదే అంతస్తులో చివరాఖరి తలుపువాళ్ళతో చాలా తక్కువ. మెట్ల దగ్గరా, ఉత్తరాల డబ్బాల దగ్గరా ఉన్న ఇళ్ళవాళ్ళకు పై అంతస్తులవాళ్ళతో కూడా పరిచయాలు ఉన్నాయి. ఇది చదివాక మా బిల్డింగ్‌ను కొత్తగా చూశాను. మా రెండో మెట్ల దారి పక్కింట్లో ఒకావిడ ఉంది, ఏ మీటింగ్‌కూ రాదు, వచ్చినా మాట్లాడదు. కానీ ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఏ ఇంట్లో పెద్దవాళ్ళు ఒంటరిగా ఉంటున్నారో ఆవిడకు తెలుసు. పదవి ఏమీ ఇవ్వలేదు. "ఎవరికైనా అవసరం పడితే ఒక్క ఫోన్ చేయండి" అన్నానంతే. ఒక రాత్రి ఆవిడ ఫోన్ వల్లే పై అంతస్తులో బాత్రూంలో జారిపడ్డ పెద్దాయన్ను సమయానికి ఆసుపత్రికి తీసుకెళ్ళగలిగాం. నా ఆరేళ్ళ సెక్రటరీగిరీలో ఇంతకంటే పనికొచ్చిన నిర్ణయం ఇంకోటి లేదు.

రెండో రకం, అద్దెకుండేవాళ్ళు. చాలా అసోసియేషన్లు వీళ్ళను లెక్కలోకే తీసుకోవు. ఓటు ఎవరికుంటుందన్నది మీ నిబంధనలు చెప్తాయి, దాని జోలికి నేను పోవడం లేదు. కానీ లైటు చూడ్డానికి, పిల్లలకు ఆటలు పెట్టడానికి ఓటెందుకు? మాకు దొరికిన అందరికంటే మంచి వాలంటీరు రెండేళ్ళు అద్దెకుండి వెళ్ళిపోయిన కుర్రాడు. వెళ్ళేటప్పుడు పైపులన్నీ ఎటు పోతున్నాయో పటం గీసి ఇచ్చాడు. సొంత ఇల్లున్నవాళ్ళు పదేళ్ళుగా చేయనిది.

మూడో రకం, సణిగేవాళ్ళు. అందరూ కాదు. ఊరికే తిట్టేవాళ్ళు వేరు, వివరంగా తిట్టేవాళ్ళు వేరు. "మీరంతా దొంగలు" అనేవాడితో ఏం చేయలేం. "మార్చి నెల డీజిల్ బిల్లు ఫిబ్రవరి కంటే ఎందుకు ఎక్కువుంది" అని అడిగేవాడు మీకు కావలసిన మనిషి. మా దగ్గర అలాంటి రిటైర్డ్ అకౌంటెంట్ ఒకాయన ఉంటే, ఓచర్లన్నీ ముందు పెట్టి మూడు నెలలకోసారి మీరే తనిఖీ చేయండి అన్నాం. గొడవ ఆగిపోయిందనుకుంటున్నారేమో, ఆగలేదు. ఇంకా ఎక్కువ పట్టుకున్నాడు. ఒకసారి నా తప్పు కూడా పట్టుకున్నాడు, ప్లంబర్ బిల్లు రెండుసార్లు కట్టేశాను. కానీ ఆ తర్వాత లెక్కల గురించి వేరేవాళ్ళెవరూ నోరెత్తలేదు, ఆయన చూశాడంటే చాలని.

డబ్బు గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే ఇందులో వాదించడానికేమీ లేదు. చెక్కు మీద రెండు సంతకాలు, పెద్ద పనికి మూడు కొటేషన్లు, నెల లెక్క బోర్డు మీద, ఎవరూ చదవకపోయినా. మీ చుట్టాలకు, మీకు తెలిసినవాళ్ళకు కాంట్రాక్ట్ ఇవ్వకండి, అందరికంటే తక్కువకు చేస్తామన్నా సరే. నేనొకసారి రంగులు వేసే పని స్నేహితుడికి తెలిసిన మనిషికి ఇచ్చాను. తక్కువ రేటు, పని శుభ్రం. అయినా రెండేళ్ళపాటు ఆ గోడల్ని చూసినప్పుడల్లా జనం నావైపు చూశారు.

మీటింగులు. 1863లో హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే అమెరికా సైన్యపు ఇంజనీర్‌ను ఒక చర్చి సభకు అధ్యక్షత వహించమన్నారు. ఎలా నడపాలో తెలియక అది రసాభాస అయింది. ఆ సిగ్గుతో నేర్చుకుని 1876లో ఆయన ప్రచురించిన సభా నియమాలే ఇప్పటికీ ఎన్నో సంఘాలు వాడుతున్నాయి. అవన్నీ మనకక్కర్లేదు. ఒక్కటి తీసుకోండి: మాట్లాడాలనుకున్న ప్రతివాళ్ళకూ ఒకసారి అవకాశం వచ్చేదాకా ఎవరికీ రెండోసారి లేదు. మేం ఇది పెట్టిన మొదటి మీటింగ్‌లో తేలిందేంటంటే, అంతకుముందు మాట్లాడుతున్నది మొత్తం ఆరుగురే. ఆ ఆరుగురికీ చాలా కోపమొచ్చింది. మిగతావాళ్ళు మరుసటి మీటింగ్‌కు కూడా వచ్చారు.

ఏం మాట్లాడాలన్నదీ చూసుకోండి. మా జనరల్ బాడీలో లిఫ్ట్‌ల మెయింటెనెన్స్ కాంట్రాక్ట్, అంటే మా ఏడాది ఖర్చులో పెద్ద ముక్క, నాలుగు నిమిషాల్లో పాసైపోయింది. ఆ తర్వాత గేటుకు ఆకుపచ్చ రంగా, బూడిద రంగా అన్నదాని మీద గంటంబావు. చివరికి పాత రంగే వేయించాం. తర్వాత తెలిసింది, పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత 1957లోనే దీన్ని ఎగతాళి చేశాడట: కమిటీ అణు రియాక్టర్‌ను రెండున్నర నిమిషాల్లో ఆమోదించి, సైకిల్ షెడ్ మీద ముప్పావుగంట కొట్టుకుంటుంది, రియాక్టర్ ఎవరికీ తెలియదు, షెడ్ అందరికీ తెలుసు కాబట్టి. అప్పటినుంచి పెద్ద ఖర్చును మొదటి అంశంగా పెట్టి, ఐదు రోజుల ముందే ఒక్క పేజీలో రాసి ఇంటింటికీ ఇస్తున్నాం. రంగుల్లాంటివి మీటింగ్‌కు తేకుండా ఇద్దరికి అప్పజెప్పేస్తాం, నచ్చకపోతే తిట్టుకోనీ.

మీటింగ్ తప్ప వేరే కలయికే లేకపోతే అసోసియేషన్ అంటే గొడవ అన్న ముద్ర పడిపోతుంది. ఏడాదికి రెండుసార్లు సగం పూట అందరం కలిసి మేడ మీద, మెట్ల కింద పేరుకున్న చెత్త తీస్తాం. పనికంటే కబుర్లే ఎక్కువ. అయినా పిల్లలు బకెట్లు మోస్తుంటే పెద్దవాళ్ళు బయటకు రాక తప్పదు. కొత్తగా వచ్చినవాళ్ళ పేర్లు నాకు అక్కడే తెలిశాయి, పేరు తెలియకుండా పేరు పెట్టి అడగలేం కదా.

జరిమానాలు. మీ ప్రశ్న కింద ఒకరు "ఫైన్ వేయండి, దారికొస్తారు" అని సలహా ఇచ్చారు. మేం వేశాం. దారికి అడ్డంగా రెండో కారు పెట్టేవాళ్ళకు. ఒకాయన మూడు నెలల జరిమానా ఒకేసారి ముందే కట్టి రసీదు అడిగాడు. అంతకుముందు కనీసం "సారీ అండీ, ఇప్పుడే తీస్తాను" అనేవాడు, కట్టాక అదీ పోయింది. ఉరి గ్నీజీ, ఆల్డో రుస్తిచిని అనే ఆర్థిక శాస్త్రవేత్తలు ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది డేకేర్ సెంటర్లలో సరిగ్గా ఇదే గమనించి 2000లో ప్రచురించారు. పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్ళే తల్లిదండ్రులకు జరిమానా పెట్టినచోట ఆలస్యాలు సుమారు రెట్టింపయ్యాయి. జరిమానా తీసేశాక కూడా తగ్గలేదు. మొహమాటం ఉన్నచోట ధర పెడితే మొహమాటం పోతుంది, తిరిగి రాదు. మేం జరిమానా తీసేసి, నేల మీద గీతలు గీయించి, అదే మెట్ల దారిలో ఉండే ఇద్దరిని ఆయన దగ్గరికి పంపాం. ఇప్పుడు రోజూ కాకపోయినా చాలా రోజులు తీస్తాడు. ఇంతకంటే నాకు దొరకలేదు. మెయింటెనెన్స్ బకాయిల సంగతి వేరే. అది నిబంధనల ప్రకారం, అందరికీ ఒకేలా, రాతపూర్వకంగా పోవాల్సిందే.

అయితే శిక్ష అసలే వద్దని కాదు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ చేపల రేవులు, సాగునీటి కాలువలు, ఊరుమ్మడి పచ్చికబయళ్ళు, ఇలా పదిమందీ కలిసి వాడుకునేవి ఎక్కడ నిలిచాయో ఎక్కడ నాశనమయ్యాయో జీవితమంతా చూసింది. 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకుంది, ఆ విభాగంలో మొదటి మహిళ. నిలిచినచోట్ల ఆవిడకు కనిపించినవాటిలో మనకు పనికొచ్చేవి మూడు. నియమాన్ని దానికింద బతికేవాళ్ళే తయారుచేసుకోవాలి. మొదటి తప్పుకు చాలా చిన్న శిక్ష, మళ్ళీ చేస్తే కొంచెం కొంచెంగా పెరగాలి. తగాదా తీర్చుకోడానికి దగ్గర్లో, ఖర్చులేని చోటు ఒకటుండాలి. స్పెయిన్‌లోని వాలెన్సియాలో కాలువ నీళ్ళ తగాదాలకు రైతులే ఎన్నుకున్న రైతు న్యాయమూర్తులు ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు కేథడ్రల్ తలుపు దగ్గర కూర్చుంటారు. అంతా నోటిమాట మీదే. వందల ఏళ్ళుగా నడుస్తోంది.

మేం దాన్ని సిగ్గులేకుండా కాపీ కొట్టాం. ఆదివారం ఉదయం అరగంట, మెట్ల కింద బెంచీ మీద కమిటీ నుంచి ఇద్దరు. ఏ గొడవైనా అక్కడికి రండి, గ్రూపులో పెడితే సమాధానం ఉండదు. చాలా ఆదివారాలు ఎవరూ రారు, మేం పేపర్ చదువుకుని లేచిపోతాం. ఒకసారి పై ఇంటి చప్పుడు గురించి రెండేళ్ళుగా ఉత్తరాలు రాసుకుంటున్న రెండు కుటుంబాలు వచ్చాయి. అరగంట విన్నాక తెలిసింది, అది భోజనాల బల్ల కుర్చీలు జరిపే చప్పుడు. కుర్చీ కాళ్ళకు రబ్బరు తొడుగులు వేశారు. ఆ రెండు కుటుంబాలు ఇప్పుడేం స్నేహితులు కాలేదు, ఉత్తరాలు మాత్రం ఆగాయి.

గ్రూపు గురించి కూడా ఒక మాట. రెండు గ్రూపులు పెట్టండి. ఒకటి నోటీసులకు, అందులో కమిటీ తప్ప ఎవరూ రాయలేరు. రెండోది కబుర్లకు, అందులో మీరు ఉండకండి. నిజంగానే బయటికి వచ్చేయండి. ఫిర్యాదులకు ఒక రిజిస్టర్, రోజుకోసారి చూస్తారు. రాత్రి తొమ్మిది తర్వాత నీళ్ళు, కరెంటు, లిఫ్ట్‌లో మనిషి ఇరుక్కోవడం, ఇవి తప్ప దేనికీ ఫోన్ ఎత్తకండి. మొదటి నెల తిడతారు.

వాలంటీర్లకు ఇవ్వకూడని పనులు ఉన్నాయి, ఇది మర్చిపోవద్దు. లిఫ్ట్, కరెంటు ప్యానెల్, డ్రైనేజీ మ్యాన్‌హోల్, సంప్‌లోకి దిగడం, వీటికి తెలిసినవాళ్ళను డబ్బిచ్చి పిలవాలి. మూసి ఉన్న గుంతలో విషవాయువు ఉంటే దిగినవాడే కాదు, కాపాడ్డానికి వెనకాలే దిగినవాడూ పోతాడు. "మనోడికి కొంచెం తెలుసు" అన్న మాట వినగానే పని ఆపేయండి. పన్నుల కాగితాలు, చట్టపరమైన రిటర్నులూ అంతే.

ఇవన్నీ చేసినా 90 ఇళ్ళూ కదలవు. మా 120 ఇళ్ళలో 11 ఏళ్ళలో ఏదో ఒక పని ముట్టుకున్నవి ఒక 40 ఉంటాయి, ఒక సమయంలో చూస్తే పదిహేను. మిగతావాళ్ళు మెయింటెనెన్స్ కట్టి, లిఫ్ట్‌లో నవ్వి వెళ్ళిపోతారు. వాళ్ళ మీద నాకిప్పుడు కోపం లేదు. కొందరింట్లో మంచానపడ్డ మనిషి ఉన్నారని, కొందరు రెండు ఉద్యోగాలు చేస్తున్నారని చాలా ఆలస్యంగా తెలిసింది. మీకు నలుగురున్నారు. పన్నెండుమంది అయితే చాలు, మీ సాయంత్రాలు మీకు తిరిగొస్తాయి.

ఇక మీ లేఖ. చింపకండి, తేదీ మార్చండి. మీ పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో ఆ రోజు వేసి, వచ్చే మీటింగ్‌లో మొదటి మాటగా చెప్పేయండి: "ఆరోజు తర్వాత నేనుండను, మళ్ళీ నిలబడను. ఈలోపు నా పనులన్నీ ఒక్కొక్కటిగా అప్పజెప్తాను." ఇప్పుడే హఠాత్తుగా మానేస్తే మీ తర్వాత వచ్చేవాళ్ళకు కూడా నా వీడియో కాల్ గతే పడుతుంది, లేదా ఎవరూ రారు. తేదీ చెప్తే రెండు జరుగుతాయి. మీరు అలిగి పోతున్నారని ఎవరూ అనుకోరు. ఇంకో మనిషి పక్కన నిలబడి చూడ్డం మొదలుపెడతాడు. మా దగ్గర నేను తొమ్మిది నెలల ముందు చెప్పాను, మొదటి ఐదు నెలలు ఎవరూ నమ్మలేదు. ఆరో నెలలో మూడో అంతస్తు నుంచి ఒకమ్మాయి వచ్చి "ఆ వాల్వ్‌లు ఏవో ఒకసారి చూపిస్తారా" అంది.

ఈ వారం చేయాల్సింది మాత్రం ఒకటే. మోటారు, లిఫ్ట్, ప్లంబర్, ఎలక్ట్రీషియన్ నంబర్లు, ఏ వాల్వ్ ఏ ట్యాంకుకు వెళ్తుందో, వారంటీ కాగితాలు ఎక్కడున్నాయో ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయించి పంపు గది తలుపు లోపలివైపు అతికించండి. మీరు రాయకండి. మీ మెట్ల దారిలో ఎవరి చేతిరాత బాగుంటుందో కనుక్కుని, వెళ్ళి వాళ్ళను అడగండి.